మంచు కట్టు మీద అరచెయ్యి

మా మిన్నెసోటాలో జనవరి వస్తే సరస్సులు రోడ్లయిపోతాయి. ట్రెయిలరు ఇంటిని పికప్పు ట్రక్కుకి తగిలించుకుని, గడ్డకట్టిన నీటి మీద నడిమధ్యకి పోయి, ఇంటి నేలలోంచే మంచుగడ్డకి బెజ్జాలు తొలిచి, హీటరు వెలిగించుకుని చేపలు పడతాం. దీన్ని నేను సెలవు అంటాను. నా భార్య వెర్నా దీన్ని ఇంకో పేరుతో పిలుస్తుంది. అది రాయదగ్గది కాదు.

ట్రెయిలరు నిలబెట్టగానే మంచు కట్టాలి. అడుగు నుంచి గాలి దూరకుండా చుట్టూ మంచు ఎగదోసి గట్టులా తట్టాలి. హీటరు పొగ బయటికి పోయే గొట్టం దగ్గర మాత్రం ఖాళీ వదిలి, పైన గుర్తుగా పారేసిన క్రిస్మస్ చెట్టు రెమ్మ గుచ్చాలి. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. చుట్టుపక్కల వాళ్ళ నమ్మకం ఏమిటో నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు నాది అయిపోయాక, ఎవరూ అడక్కుండానే పక్కనున్న ఐనో ట్రెయిలరుకి కూడా కట్టిపెట్టాను.

ఐనో జేబుల్లో చేతులు పెట్టుకుని చూశాడు. "బానే ఉంది లెస్టరూ. టోర్‌స్టెన్ కడితే ఇంకా నున్నగా ఉండేది."

టోర్‌స్టెన్ అంటే ఒకప్పుడు ఈ సరస్సు మీద అందరికీ మంచు కట్టిన ముసలాయన. గడ్డ తొలిచే మరలో పడి ఎడం చేతి వేళ్ళు రెండు పోయాయి. పని అయ్యాక గ్లవ్ తీసి, మూడు వేళ్ళ చేత్తో కట్టు మీద ఒక్కసారి తట్టి, "ఇంక గాలి రాదు" అనేవాడు. ఒక మార్చిలో గడ్డ విరిగి కిందికి పోయాడు. శవం దొరకలేదు.

"మూడు వేళ్ళవాడితో నాకు పోటీ ఏంట్రా, నాకు అయిదూ ఉంటే," అన్నాను. అక్కడితో ఊరుకున్నానా? ముసలాయన గొంతు పెట్టి, వొణుకుతూ, "ఇంక గాలి రాదు" అని కూడా అన్నాను.

ఐనో నవ్వలేదు. బూటు కింద గడ్డకేసి చూసి, "ఆయన ఉన్నచోట నిలబడి అనకు," అన్నాడు.

మాకు చలికాలం మధ్యాన్నం కాఫీ వేళకే చీకటి పడిపోతుంది. ఆ సాయంత్రం మంచు తుఫాను కూడా మొదలైంది. అడుగున గడ్డ ఎక్కడో దూరంగా మూలుగుతోంది. చేపల వేపుడు వాసన ఇల్లంతా పట్టేసింది. లోపల వెచ్చగా, మందంగా, దుప్పటి కప్పుకున్నట్టు ఉంది.

"తల పగిలిపోతోందయ్యా," అంది వెర్నా.

"బ్రాందీ పడలేదేమో."

"తాగింది నువ్వు."

నిజమే. నా తల కూడా పగులుతోంది. దానికి మాత్రం కారణం ఉందిగా అనుకున్నాను.

అప్పుడే గోడ మీది అలారం అరవడం మొదలెట్టింది. కార్బన్ మోనాక్సైడు అనే రంగూ వాసనా లేని విషవాయువుని పసిగట్టే అలారం. "వేపుడు పొగకి గోల పెడుతోంది," అని దాన్ని పీకి, రెండు దిండ్ల మధ్య పెట్టి, పైన కూర్చున్నాను. నా బుద్ధి ఎక్కడుంటుందో వెర్నాకి ఎప్పటినుంచో తెలుసు.

అలారం గొంతు సన్నబడ్డాక ఇంకో చప్పుడు వినిపించింది.

తప్... తప్... తప్...

బయట గోడ వెంట. ఎవరో అరచేత్తో మెత్తగా మంచు తడుతున్నట్టు.

"ఎవరో ఉన్నారు..." వెర్నా గుసగుసగా అంది.

"గాలి."

"గాలి నడవదయ్యా. అది నడుస్తోంది."

నడుస్తోంది. తలుపు వైపు నుంచి వంటగట్టు వెనక్కి... అక్కణ్ణించి పడక వెనక్కి. హీటరు దగ్గర ఆగింది.

తప్.

ఇంక లేదు.

వెర్నా లేవబోయి కూలబడింది. మొహం ఎర్రగా, బొమ్మకి రంగేసినట్టుంది. అప్పుడు భయమేసింది నాకు. లీకు ఎక్కడో పట్టుకోవాలి. గిన్నెలో సబ్బు నురుగు చేసుకుని పొయ్యికీ, హీటరుకీ వచ్చే గ్యాసు గొట్టం అతుకులన్నిటికీ పూశాను. ఒక్క బుడగ రాలేదు. "లీకు లేదు," అని గర్వంగా చెప్పాను. వెర్నా పలకలేదు.

"వెర్నా..."

కళ్ళు సగం తెరిచే ఉన్నాయి.

తలుపు తొయ్యబోతే చేతుల్లో బలం లేదు. భుజంతో గుద్దాను. రెండోసారికి తలుపుతో పాటు నేనూ మంచులో పడ్డాను. కేక వెయ్యబోయాను... గొంతులోంచి ఏదో గురక వచ్చింది. ఐనో కుక్క మొరిగింది కాబట్టి బతికాం.

ఐనో వెర్నాని భుజాన వేసుకుని తన పికప్పులో పడుకోబెట్టాడు. తన అలారం తీసుకుని నా ట్రెయిలరు లోపల మూలమూలా తిప్పాడు. హీటరు దగ్గర అది చెవులు చిల్లులు పడేలా అరిచింది.

"సబ్బు పూశాను," అన్నాను.

"అది కాలని గ్యాసుకిరా. ఇది కాలిన పొగ. బయటికి పోలేక వెనక్కి తంతోంది." హీటరు ఆర్పి, బయటికి పోయి లైటు వేశాడు. నా రెమ్మ గుచ్చినచోటే ఉంది. దాని కింద ఖాళీ లేదు. గొట్టం మూతిదాకా మంచు కూరి ఉంది. పారతో కొడితే పలకలా ఊడి పడింది.

"భలే కట్టావురా. గాలే కాదు, పొగ కూడా కదల్లేదు."

నా చేతులే కట్టాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఆ వాయువు తలకెక్కితే లేని చప్పుళ్ళు వినిపిస్తాయని చెప్పింది. చాలా హాయిగా అనిపించింది. వెర్నా ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి తీసి, "వేపుడు పొగా?" అంది. నేను కుర్చీలో ఎంత చిన్నగా అవగలనో అంత చిన్నగా అయ్యాను.

తెల్లవారాక ట్రెయిలరు లాక్కుపోదామని ఎవరి బండో పట్టుకుని సరస్సు మీదికి వెళ్ళాను. తుఫాను ఆగింది. తల తేటగా ఉంది. ఊడిన మంచు పలక బోర్లా పడి ఉంటే బూటుతో తిప్పాను.

మీద అరచెయ్యి అచ్చు. ఎడం చెయ్యి. బొటనవేలు, ఇంకో రెండు.

నా చెయ్యి పక్కన పెట్టి చూశాను. మళ్ళీ చూశాను. తర్వాత చేసినపని చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ పలకని కాళ్ళతో తొక్కి పొడి చేశాను. పెళ్ళాన్ని దాదాపు చంపి, చచ్చిపోయిన ముసలాయన మీద తోశాడని ఊరంతా అనుకోదూ? నేనైతే అనేవాణ్ణి.

అప్పుడు గుర్తొచ్చింది. ఐనో ట్రెయిలరుకి కూడా కట్టు నాదే. రాత్రి మాతో ఆసుపత్రికి వచ్చి, నాకన్నా ముందే తిరిగెళ్ళి లోపల నిద్రపోతున్నాడు. అతని అలారం ఇంకా నా ట్రెయిలరులోనే ఉంది.

పరిగెత్తాను. రెమ్మ నిలబడే ఉంది. దాని కింద నున్నటి మంచు... అద్దంలా తట్టిన మంచు. మధ్యలో మూడు వేళ్ళ అచ్చు. చుట్టూ కొత్త మంచు మీద ఒక్క అడుగు లేదు, నావి తప్ప.

గ్లవ్స్ పారేసి అంచు నుంచి గోళ్ళతో తవ్వాను. తలుపు తెరుచుకుంది. ఐనో తల పట్టుకుని తూలుతూ నిలబడ్డాడు. నన్ను చూశాడు. గొట్టానికి ఆన్చి ఉన్న నా చేతుల్ని, వాటి నిండా ఉన్న మంచుని చూశాడు.

"మళ్ళీ కడుతున్నావా లెస్టరూ?"

"ఐనో, నేను కాదు..." ఆ మాట నా చెవికే నీచంగా వినిపించింది.

అతను మెట్లు దిగి వచ్చాడు. ఇంకా చెరగని ఆ అచ్చు మీదికి వంగి చూశాడు. "చేతులు చూపించు," అన్నాడు. రెండూ చాపాను. ఒక్కో వేలూ చూశాడు. లోపలికి పోయి హీటరు ఆర్పి, కుక్కని చంకన పెట్టుకుని నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

హీటరు హోరు ఆగాక సరస్సంతా నిశ్శబ్దం. ఇద్దరం ట్రెయిలరుకి ఇటుపక్కనే ఉన్నాం.

అటుపక్క, మెత్తగా...

తప్.