తలకు పోసిన నీళ్ళు

మిల్లు సైరను కూసేసరికే జక్కమ్మ సగం పని ముగించేసింది. వాకిలి ఊడ్చి ముగ్గేసింది, పాలు కాచింది, కొడుకు వినోత్‌కు టిఫిను డబ్బా కట్టింది. ఇక మిగిలింది మొగుడి స్నానం. పోయినేడు పక్షవాతం వచ్చి లేచినప్పటి నుంచి అళగిరి కుడిచెయ్యి భుజం దాటి పైకి లేవదు. మిల్లులో ఎప్పుడో నలిగిన ఎడమచేతికి నిండు చెంబు పట్టుకునేంత పట్టు లేదు. రోజూ పెరట్లో రాతిబండ మీద కూర్చోబెట్టి, తలకు పోసి, వీపు రుద్ది, తుడిచి, పంచె కట్టేది ఆమే. తనకు జ్వరమొచ్చిన నాడు కూడా ఈ పని తప్పలేదు. ఎవరైనా "ఎట్లుండావక్కా?" అని అడిగితే "ఉండాను" అనేది. అంతకుమించి చెప్పే ఓపిక కూడా ఉండేది కాదు పాపం.

"అమ్మా, రేపటి సంగతి నాయనకు చెప్పినావా?" వంటింటి గడపలో నిలబడి గొంతు తగ్గించి అడిగాడు వినోత్. సర్జికల్ గుడ్డ నేసే యూనిట్‌లో సూపర్‌వైజర్ వాడు. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు.

"చెప్పలా. ఈరోజు చెప్తా."

"కోయిల్‌పట్టివాళ్ళు వచ్చే వారం చూసేదానికి వస్తామన్నారు గదమ్మా. ఇంకొన్ని నెలలు ఆగరాదా? పెళ్ళి అయిపోనీ, అప్పరం నీ ఇష్టం."

"మీ అక్క పెళ్ళికి ఆగితిని. మీ అవ్వ మంచంలో ఉండేటప్పుడు ఆగితిని. మీ నాయనకు చెయ్యి పడిపోయినప్పుడు ఆగితిని. మళ్ళీ నీ బిడ్డ పుట్టేదానికి ఆగమంటావు. నేనెప్పుడు చెయ్యాల రా, పాడె మీదనా?"

వాడు డబ్బా మూత బిగిస్తూ నిలబడ్డాడు. వాడిదీ తప్పనలేం. అమ్మ అడిగింది న్యాయమేనని తెలుసు, శొంతక్కారుల, అంటే చుట్టాల, నోళ్ళు ఎలాంటివో కూడా తెలుసు.

సంగతి ఇది. జక్కమ్మ రేపు ఆదివారం బాప్తిస్మం తీసుకోబోతోంది. అక్కడి తమిళం ప్రార్థన ఇళ్ళలో జ్ఞానస్నానం అంటారు. మంసాపురం దారిలో ఒక కొబ్బరితోపులో సిమెంటు తొట్టి ఉంది, అందులో. అత్త మంచంలో పడి ఉన్న ఏళ్ళలో పక్కవీధి ప్రార్థన ఇంటి పాస్టర్ భార్య జెన్సి మధ్యాహ్నాలు వచ్చేది. ప్రసంగాలేమీ చేసేది కాదు. "అక్కా, నేను అవ్వ దగ్గర కూర్చుంటా, నువ్వు ఒక గంట పండుకో" అనేది. ఆ గంట నిద్ర జక్కమ్మకు అప్పట్లో దేవుడిచ్చిన వరమే. అత్త పోయాక ఆ పిల్లను వెతుక్కుంటూ ఈమే ప్రార్థనకు వెళ్ళడం మొదలుపెట్టింది. అళగిరి పట్టించుకోలేదు. "పోయి పాడుకోని రా, ఇంట్లో ఉంటే సణుగుతావు" అనేవాడు.

పాటలకు వెళ్ళడం వేరు, నీళ్ళలో మునగడం వేరు. అది ఆయనకూ తెలుసు.

"ఏందే రేపటి సంగతి?"

ముందుగదిలో ఉన్న మనిషి ఎప్పుడు లేచి వచ్చాడో ఏమో, తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

జక్కమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "రేపు నేను జ్ఞానస్నానం తీసుకుంటాండాను."

అళగిరి ముందు నవ్వాడు. "ఇంట్లో స్నానం చాలలేదా నీకు?" తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "నిజంగానా? ఎవురినడిగి?"

"ఇప్పుడు మిమ్మల్నే అడుగుతాండాను."

"అడిగేది ఇట్లనా? అన్నీ ముడివేసేసి అడుగుతావా? మా కులదేవత జక్కమ్మ తల్లి పేరు పెట్టుకుండావే, పండగనాడు ఆ తల్లికి పొంగలి పెట్టేదెవురు? పెద్దకోడలు గదా పెట్టాల! ఊర్లో నేను తలెత్తుకొని తిరిగేదా వొద్దా?"

"పేరు మార్చుకోమని ఎవురూ చెప్పలా."

"ఆహా! బొట్టు తీసేయమన్నారా? తాళి తెంపి ఉండీలో వెయ్యమన్నారా? నేను బతికుండంగానే నొసలు బోసిగా పెట్టుకోని నా ముందర తిరుగుతావా?"

"అదీ అడగలా. అడిగినా నేనియ్యను. ఇది మీరు కట్టింది, వాళ్ళెవురు అడిగేదానికి?"

ఆ మాటకు ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ కోపం మొదలయ్యాక దిగడం తెలియని మనిషి. మిల్లులో ఫిట్టరుగా ఉన్నప్పటి నుంచీ అంతే. యంత్రం ఆగిపోతే ముందు తిట్టేవాడు, తర్వాత స్పానరు పట్టేవాడు.

"పో! అక్కడ ముణుగు. నువ్వు అక్కడ ముణిగితే నేనిక్కడ నీ పేరు చెప్పి తలకు పోసుకుంటా!"

వినోత్ చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టేశాడు. "నాయనా, ఆ మాట మాత్రం వొద్దు."

వాళ్ళ కులంలో అది ఊరికే అనే మాట కాదు. బతికున్న మనిషిని వద్దనుకుంటే, చావుకు చేసినట్టే ఆ మనిషి పేరు చెబుతూ తలకు చన్నీళ్ళు పోసుకుంటారు. అంతటితో ఆ మనిషి ఆ ఇంటికి చచ్చినట్టు. అళగిరి చెల్లెలు పాపాత్తి వేరే కులం పిల్లవాణ్ణి కట్టుకున్న రోజు ఆయన ఈ పెరట్లోనే చెంబు చెంబుకూ ఆమె పేరు చెప్పి పోసుకున్నాడు. పాపాత్తి బతికే ఉంది, ఇక్కడికి దగ్గర్లోనే, తళవాయిపురంలో. రోజూ బస్సులున్నాయి. అయినా తల్లి చచ్చినప్పుడు కూడా ఆమె ఈ గడప తొక్కలేదు. ఈ ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తరు.

"రేపు వరకూ ఎందుకు? ఇప్పుడే పోసుకుంటా! రారా, నువ్వు పొయ్యి!" అని అళగిరి పెరట్లోకి నడిచి బండ మీద కూర్చున్నాడు.

"నన్నడగొద్దు నాయనా. అమ్మ వంటింట్లో నిలబడుండంగా నేనా నీళ్ళు పోసేది? నా వల్ల కాదు." వినోత్ డబ్బా తీసుకుని బండెక్కి వెళ్ళిపోయాడు. మలుపు తిరిగేటప్పుడు ఒకసారి వెనక్కి చూశాడు, అంతే.

పెరట్లో అళగిరి ఒక్కడే మిగిలాడు. ఎదురుగా నీళ్ళ డ్రమ్ము, దాని మీద చెంబు. ఎడమచెయ్యి చాపి చెంబు అందుకున్నాడు. ముంచాడు. పైకెత్తబోతే వేళ్ళు జారి చెంబు దబ్బున నేలమీద పడింది. నీళ్ళన్నీ ఆయన కాళ్ళమీదే పోయాయి. మళ్ళీ వంగి తీయలేదు. ఊరికే కూర్చున్నాడు. ఎండ గోడ దిగి బండ దాకా వచ్చింది. అయినా లేవలేదు.

జక్కమ్మ కిటికీలోంచి చూస్తూనే ఉంది. మొదట కోపం వచ్చింది, కూర్చోనీ అనుకుంది. తర్వాత ఆ తడికాళ్ళు చూస్తే పాపమనిపించింది. ఛీ, ఈ పాపమనిపించడంలోనే తన బతుకంతా పోయింది అని తనను తానే తిట్టుకుంటూ పెరట్లోకి వచ్చింది.

"ఎంతసేపు కూర్చుంటారు?"

"తలకు పోసుకోవాల."

"ఎవురు పోస్తారు?"

ఆమె పెరటి పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు పేర్చింది.

"ఇట్లాంటి స్నానానికి వేణ్ణీళ్ళు పనికిరావు" అన్నాడు అళగిరి, ఆమె వైపు చూడకుండా.

"తెలుసు. చన్నీళ్ళు పోస్తే మీకు చెయ్యి కొంకర్లు పోతుంది. మళ్ళీ రాత్రంతా నేనే కాపడం పెట్టాల. గోరువెచ్చగా చేస్తా. ఆమాత్రానికి సాంగ్యం, ఆచారం ఏమీ చెడిపోదు. పాపాత్తికి పోసుకున్న రోజు కూడా నీళ్ళు తోడి ఇచ్చింది నేనే గదా."

నీళ్ళు కాగాయి. బకెట్లో చన్నీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి చూసి, ఆయన చొక్కా విప్పి, ఆమె చెంబు ఎత్తింది.

"ఊ, చెప్పండి నా పేరు."

మొదటి చెంబు పోసింది. అళగిరి నోరు తెరిచాడు, మాట రాలేదు. రెండో చెంబు. ఎడమ అరచేతిని ఆయన నుదుటికి అడ్డం పెట్టింది, కళ్ళలోకి నీళ్ళు పోకుండా. చంటిబిడ్డలకు పెట్టినట్టు. రోజూ పెట్టే చెయ్యే అది. తనను చంపి పాతరేసే నీళ్ళు పోస్తున్నప్పుడు కూడా ఆ చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్ళింది. ఆ అరచెయ్యి కింద అళగిరి ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది.

"చాలు, ఆపు" అన్నాడు. "ఆపవే."

"పేరు చెప్పలా మీరు."

"నా నోట రావడం లేదే!" ముసలాయన భోరుమన్నాడు. "నీకేం తక్కువ చేసినానే నేను? ఎందుకు నీకీ పని?"

జక్కమ్మ చెంబు కింద పెట్టి, తిరగేసిన తొట్టె మీద కూలబడింది.

"తక్కువ చేసినారని నేననలా. అలిసిపోతిని, అంతే. బిడ్డలకు పోస్తిని. మీ అమ్మకు అన్నేళ్ళు పోస్తిని, చచ్చినాక కూడా నేనే పోస్తిని. కూతురు జీవితకు కాన్పు అయినప్పుడు పోస్తిని. మీకు పోస్తాండాను. నాకెవురు పోసినారు చెప్పండి? వినోత్ పుట్టినప్పుడు మా అమ్మ పోసింది, అదే కడాపట. ఇంక నేను చచ్చినాకనే పోస్తారు."

అళగిరి తడితల ఎత్తి ఆమెనే చూస్తున్నాడు.

"జెన్సిని అడిగితిని, నీళ్ళలో ముణిగితే పాపం పోతుందా అని. నీళ్ళు కడగవక్కా, అది గురుతు మాత్రమే అనింది. ముణిగేది పాత మనిషిని పూడ్చిపెట్టినట్టంట. లేచేది ఏసుతో కూడా కొత్తగా లేచినట్టంట. సరి, నేనేం చెయ్యాల అంటిని. ఏమీ చెయ్యాల్సిన పని లేదు, వాళ్ళే పట్టుకుంటారు, వాళ్ళే ముంచుతారు, వాళ్ళే లేపుతారు, నువ్వు ఊరికే వదిలెయ్యి, మిగిలింది ఆ ఏసే చేసేసినాడు అనింది." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనేమీ చెయ్యాల్సిన పని లేదు అని నాతో ఇంతవరకూ ఎవురూ చెప్పలేదయ్యా. ఆ మాటకే నేను పోతాండాను."

పక్కింట్లో ఎవరో కుక్కర్ దించారు. వీధిలో షేర్ ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. అళగిరి ముక్కు ఎగబీల్చాడు.

"చచ్చినాక నన్నొకచోట, నిన్నొకచోట పెడతారు గదే."

"ఓ, అదా మీ బాధ!" జక్కమ్మకు ఏడుపులోనే నవ్వు వచ్చింది. "దాన్ని వినోత్ చూసుకుంటాడు. బతికుండేటప్పుడు ఒకచోట ఉండాం గదా, చాలదా? ముందు ముక్కు తుడుచుకోండి."

ఆమే తుడిచింది. తువాలు తెచ్చి తల అద్దింది. ఆయన తల వంచి ఇచ్చాడు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నేల చూస్తున్నాడు.

"కోయిల్‌పట్టివాళ్ళకు ఏం చెప్తాం?" అన్నాడు కాసేపటికి.

"ఉండేది చెప్తాం. ఇష్టమైతే వస్తారు."

"ఊ." కింద ఉన్న చెంబును కాలితో పక్కకు నెట్టాడు. "నిన్ను ముంచేది ఎవురు?"

"పాస్టరయ్య."

"ఆ బక్కోడా? ఒక్కడేనా? నీళ్ళంటే నీకు చచ్చే బయం. కుట్రాలం పోయినప్పుడు అందరూ జలపాతం కింద ఉంటే నువ్వు ఒడ్డున చెప్పులు కాపలా కాస్తివి."

"ఇప్పుడూ బయమే."

"తొట్టి ఎంత లోతు?"

"నడుం వరకూ అంట."

అళగిరి లేవబోయాడు. ఆమె చెయ్యి ఆసరా ఇస్తే పట్టుకుని నిలబడ్డాడు, కానీ చెయ్యి వదల్లేదు.

"నేనూ వస్తా. లోపలికి రాను, పాటలు పాడను, చెప్పేస్తాండా. గట్టున నిలబడి చూస్తా." గొంతు సవరించుకున్నాడు. "నీకు ముక్కులోకి నీళ్ళు పోతే దగ్గు ఆగదు. ఆ అయ్యకు చెప్పు, ముక్కు మూసి, తల కింద చెయ్యి పెట్టి, మెల్లగా ముంచమని. దబీమని ముంచితే నేనూరుకోను."

"చెప్తాను" అంది జక్కమ్మ.

ఏడుస్తూనే ఆయన వీపు తుడిచింది.