తిప్పని కోటు

మా పొలం చివర గుండ్రటి మట్టికట్ట ఒకటుంది. లిస్ అంటాం. ఐర్లండ్‌లో ఇలాంటివి వేలున్నాయి. వెయ్యేళ్ల కిందట ఎవరో రైతు దొంగల బారి నుంచి దూడల్ని కాపాడుకోవడానికి ఇంటి చుట్టూ పోసుకున్న మట్టి, అంతే. ఆ మట్టికి మా రాస్కామన్ జిల్లా అంతా హడలిపోతుంది. లోపలికెళ్తే 'వాళ్లు', అంటే కట్ట కింద ఉంటారనే మాయజనం, దారి తప్పిస్తారట. బయటపడాలంటే కోటు విప్పి, లోపలి పక్క పైకి తిప్పి తొడుక్కోవాలట. మా మరిది ఫింటన్‌కి నలభై దాటాయి, ఎద్దులా ఉంటాడు. ఆ కట్ట పక్కన నడవాలంటే మాత్రం టోపీ తీసి చేత్తో పట్టుకుంటాడు. ఇలాంటి మనుషుల మధ్య బతకడం నా ఖర్మ.

నవంబరులో ఓ మధ్యాహ్నం మా ఆవు డ్రిమిన్ ఈనడానికి సరిగ్గా అందులోకే పోయింది. మా ఆయన పోయాక నాకు మిగిలింది ఆ ఒక్క ఆవే.

"నూలా వదినా, వద్దు. అదే వస్తుందిలే," అన్నాడు ఫింటన్.

"నువ్విక్కడ నిలబడి నీ టోపీకి కాపలా కాయి," అని తూర్పు వైపు గండిలోంచి వెళ్లాను. లోపలికి దారి అదొక్కటే.

ఆవు ముళ్లచెట్ల కింద పడి మూలుగుతోంది. దూడ కాలు ఒక్కటే బయటికొచ్చింది, రెండోది లోపల మడతపడింది. నా ఒక్కదాని వల్ల కాదు. ఆ పిరికివాణ్ణి తాడుతో సహా ఈడ్చుకురావాలని వెనక్కి తిరిగాను. అప్పటికే పొగమంచు దిగింది.

గండి లేదు.

కట్ట మీద చెయ్యి ఆనించి చుట్టూ నడిచాను. తడి గడ్డి, ముళ్లు, మళ్లీ ఆవు. కట్టెక్కి అవతలికి దిగాను. ఎదురుగా అదే ఆవు... ఎక్కణ్ణుంచో పొయ్యి పొగ, పులిసిన పాల వాసన. వెయ్యేళ్లుగా పొయ్యి వెలగని చోట.

"వదినా! కోటు తిప్పు!" ఫింటన్ గొంతు అన్ని వైపుల నుంచీ వస్తోంది.

"నీ మొహం! ఆదివారం చర్చి ముందు అందరికీ చెప్పి నవ్వడానికా?"

నా చెవి పక్కనే ఎవరో మెల్లగా అన్నారు. "తిప్పకు... నవ్వుతారు..."

అది నా గొంతే.

డ్రిమిన్ మూలుగు సన్నబడింది. నాకు భయమేసింది. నాకు! కోటు తిప్పి తొడుక్కున్నాను. ఎర్రటి లోపలి గుడ్డ పైకొచ్చింది. రెండడుగుల్లో... గండి.

ఫింటన్ నా చేతిలో తాడు పెట్టాడు. తన కోటూ తిప్పుకుని, దేవుణ్ణి తలుచుకుంటూ నా వెనకే వచ్చాడు. ఇద్దరం కలిసి దూడను లాగాం. బతికింది.

చీకటి పడకముందే ఆవునీ దూడనీ కొట్టానికి తోలుకొచ్చాం. డ్రిమిన్ దూడను నాకుతోంది కానీ నన్ను దగ్గరికి రానివ్వదు. ఆరేళ్లుగా నా చేతికి తప్ప పాలివ్వని ఆవు! లిస్ వైపు తలెత్తి అరుస్తోంది. అటు చూశాను.

మంచు విడిపోయింది. కట్ట మీద ఒకామె నడుస్తోంది. నా బూడిదరంగు కోటే, సరైన పక్కకే తొడుక్కుంది. తల ఎగరేసుకుని... చుట్టూ... చుట్టూ...

"వదినా..." ఫింటన్ అన్నాడు. నాతో కాదు. నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఆమెకేసి అరవబోయాడు. "కోటు..."

చటుక్కున వాడి నోరు మూశాను. దాని పొగరు నాకు తెలుసు. ఎవరూ చెప్పకపోతే తనంతట తాను తిప్పదు.

డ్రిమిన్ మాత్రం ఇంకా దాన్నే పిలుస్తోంది.