ముట్టకూడని అంకె

ఉదయం పదకొండు నలభైకి మరమగ్గాల పేట నార్పోలిలో సదానందం చనిపోయాడు. మెడ చుట్టూ నూలు బిగించి ఉంది. నూలుకు గంజి పట్టించే సైజింగ్ షెడ్లలో బాయిలర్లుంటాయి. వాటిని నడిపే కంట్రోలర్లకు అతను ప్రోగ్రాం రాసేవాడు. అతని ఆఫీసు అదే ఊళ్లో అంజూర్ ఫాటాలో, ఒక గోడౌన్ మీది అంతస్తులో.

ఆ గోడౌన్ గేటు దగ్గర కొరియర్ యూనిఫాంలో నిఘా సంస్థ ఏజెంట్ లిడియా నిలబడి ఉంది. ఆమె చెవి కమ్మలో చీఫ్ గొంతు వినిపించింది.

"నూలు తెగింది."

"ముడి వేస్తాను," అని ఆమె సంకేతవాక్యం పూర్తి చేసింది.

"సదానందం మనకు పంపిన చివరి మెసేజ్ విను. 'మొన్నటి బిల్డ్‌ల వార్నింగ్ ఉండె. ఇయ్యాల లేదు. ఎవరో కాస్ట్ పెట్టిండ్రు.' ఏమిటిది?"

"బాయిలర్ ప్రెషర్ లిమిట్ పది, సర్. ఆ అంకె ఉన్న చోటును ఆయన కాన్స్ట్ పాయింటర్‌తో చూపించాడు. ఆ దారిన వచ్చినవాడు చదవాలే గాని మార్చకూడదు. మార్చగల పాయింటర్‌లో దాన్ని పెట్టబోతే, ప్రోగ్రాంను బిల్డ్ చేసే, అంటే చిప్ భాషలోకి మార్చే కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. మధ్యలో కాస్ట్ అనే రకం మార్చే మాట రాస్తే, తెలిసే చేస్తున్నాడులే అని ఊరుకుంటుంది."

"అయితే మనకందిన కబురు నిజమే, ఒంటిగంటకు ఆరు బాయిలర్లలో ఆ పదిని నలభై చేసి పేలుస్తారు. విదేశీ ముఠాకు ఇది పరీక్ష. నెగ్గితే తర్వాత కరెంటు ప్లాంట్లు. లోపల కాజల్ ఉంది. మన మనిషే."

లిడియా ముందు తండ్రికి ఫోన్ చేసింది. ఏసుదాసు నార్పోలిలో ఆ ఆరింటిలో ఒక బాయిలర్ కాస్తాడు.

"నాయినా, బాయిలర్ బంద్ చేసి బయటికి పో."

"గట్లెట్ల బంద్ చేస్త బిడ్డా? నూలంత గంజిల ఉన్నది. సేఠ్ ఊకుంటడా?"

"సేఫ్టీ వాల్వ్ మీది బరువన్న తియ్యి."

"తీస్తె ఆవిరంత పోతది. అందరు గిట్లనే కడ్తరు. నువ్వు తిన్నవా?"

ఆవిరి వృథా కాకుండా, ప్రెషర్ మించితే తెరుచుకోవాల్సిన ఆ వాల్వ్‌కు మగ్గం బరువు కట్టడం ఆ షెడ్ల అలవాటు. ముఠా ఆ అలవాటు చూసే ఈ ఊరిని ఎంచుకుంది.

పైన కంప్యూటర్ గదిలో కాజల్ పట్టుచీరలో ఉంది. లిడియా లోపలికి రాగానే తలుపు గడియ పెట్టి పిస్టల్ తీసింది.

"చూస్కో, వార్నింగులు జీరో. ఎంత సాఫ్ కామ్."

"సదానందాన్ని నువ్వే చంపినవా?"

"నూలు మస్తు గట్టిది. మన ఊరి మాల్ గదా."

ఆమె కాల్చింది. తూటా లిడియా ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. లిడియా గోడకున్న మంటలార్పే సిలిండర్ లాగి మణికట్టు మీద కొట్టింది. ఎముక విరిగింది. రెండో దెబ్బకు దవడ పగిలింది. తలుపు బద్దలుకొట్టుకుని ముఠా కాపలావాడు ఇనుపరాడ్‌తో వచ్చాడు. లిడియా కింద పడ్డ పిస్టల్ అందుకుని అతని మోకాలిలో కాల్చింది.

కీబోర్డు మీద రక్తం కారుతోంది. కాస్ట్ ఉన్న ఫైలును ముఠా లైబ్రరీగా మూసేసింది. దాని సోర్సు, అంటే మనిషి చదివి మార్చగల రాత, అక్కడ లేదు. బాయిలర్‌ను నడిపేదీ అదే కాబట్టి తీసేయడం కుదరదు. తెరవగలిగింది సదానందం ఫైలు ఒక్కటే. అందులో లిమిట్‌ను చూపే పాయింటర్‌కు కాన్స్ట్ ఉంది. లిమిట్‌కు లేదు. అందుకే కాస్ట్‌తో దాన్ని మార్చడం సాధ్యమైంది.

లిడియా లిమిట్ ముందే కాన్స్ట్ అని చేర్చింది. ఇప్పుడా అంకె చిప్‌లో చదవడానికి మాత్రమే వీలున్న మెమరీలోకి పోతుంది. కాస్ట్ కంపైలర్ నోరు మూయించగలదు గాని ఆ మెమరీలో రాయలేదు. రాయబోతే ఈ చిప్ ఆగిపోతుంది. చిప్ ఆగితే బొగ్గుకు గాలి కొట్టే బ్లోయర్ ఆగుతుంది.

బిల్డ్ అయింది. ఒంటిగంటకు నిమిషం ముందు కొత్త ప్రోగ్రాం ఆరు కంట్రోలర్లకూ చేరింది.

ఒంటిగంటకు తెర మీద ఆరు కంట్రోలర్ల గుర్తులూ ఎర్రబడ్డాయి. ఫోన్ మోగింది.

"నువ్వే బంద్ చేసినవా ఏంది బిడ్డా? బ్లోయర్ ఆగింది. సేఠ్ లొల్లి వెడ్తున్నడు."

"పెట్టనీ నాయినా."

ఆ మధ్యాహ్నం ఆరు షెడ్లూ నడవలేదు. సేఠ్ ఏసుదాసుకు ఆ పూట గైర్హాజరు వేశాడు.