వంటింటి నేలలో నత్త

పిల్లల మనసులో ఫలానా చదువు మీద ఇష్టాన్ని ఎవరు పుట్టిస్తారన్నది నాకు ఏళ్ల తరబడి ఉన్న సందేహం. దేవుడే అనుకుందామంటే, ఆయన ఎప్పుడు, ఎవరి చేత ఆ పని చేయిస్తాడో అంతుపట్టదు. ఈ ఇంటి సంగతే చూడండి.

ఆ ఉదయం తల్లి వంటింటి నేల తుడిచింది. తడి మీద కిటికీ వెలుతురు పడి, బూడిదరంగు రాళ్లు లోతులేని నీళ్లలా మెల్లగా కదులుతున్నట్టున్నాయి. ఇళ్లకు నేల పరిచే మేస్త్రీ ఆ ఇంటాయన. మచ్చలున్నాయని జనం వద్దన్న రాళ్లన్నీ తెచ్చి సొంత వంటింట్లో వేసుకున్నాడు. పొయ్యి పక్క రాతిలో మచ్చ అచ్చం నత్తలా చుట్లు తిరిగి ఉంటుంది.

కూతురు కాలేజీ దరఖాస్తు తెచ్చి తల్లి ముందు పెట్టింది. ఆ రోజే ఆఖరు తేదీ. తండ్రి సంతకం అయిపోయింది, తల్లిది మిగిలింది. ఫార్మసీ అని ఉండాల్సిన చోట భూగర్భశాస్త్రం అని ఉంది.

"రాళ్లు మోసి మీ నాన్న నడుం పోయింది. నువ్వూ రాళ్లేనా?" అంది తల్లి.

"నేను మోయనమ్మా, చదువుతాను."

మధ్యలో నా నడుం ఎందుకని మేస్త్రీ టీ గ్లాసులోకి గొణిగాడు. తల్లి నవ్వలేదు. మందుల కొట్టు పెట్టుకుంటే నీడపట్టున బతకొచ్చు కదా, ఈ పిచ్చి నీకు ఎవరు ఎక్కించారని నిలదీసింది.

"నువ్వే."

తనకు ఆరేళ్లప్పుడు పాలు ఒలికాయని తల్లి కొట్టిందట. ఏడ్చి ఏడ్చి ఈ నేల మీదే పడుకుందట. చెంప కింద రాయి చల్లగా ఉందట. కన్నీళ్లకు తడిసిన చోట నత్త చుట్లు ఒక్కొక్కటే పైకి తేలాయట. వేలితో దిద్దుతూ ఉంటే ఏడుపు ఎప్పుడు ఆగిందో తెలియలేదట.

"అది నిజం నత్తే అమ్మా. ఈ రాయి ఒకప్పుడు సముద్రం అడుగు. నువ్వు రోజూ తుడిచేది సముద్రాన్ని."

తల్లి నేల మీద కూలబడి, తడివేలితో ఆ చుట్లను చాలాసేపు తడిమింది. తర్వాత కాగితం దగ్గరకు లాక్కుని సంతకం పెట్టింది. కానీ కలం వదల్లేదు.

"ఆ పాలు నువ్వు ఒలకబోయలేదు. మీ నాన్న మోచెయ్యి తగిలిందని ఆ సాయంత్రమే తెలిసింది. పసిపిల్లకు ఏం చెబుతాంలే అని ఊరుకున్నాను."

మేస్త్రీ తల వంచుకున్నాడు.

"పన్నెండేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను," అంది తల్లి, కూతురి చెంప మీద చెయ్యి వేసి. "తప్పు నాది తల్లీ."