ఆమే వద్దంది

“అమ్మా... చచ్చిపోతున్నానే! నడుము చీలిపోతా ఉండాదే!...”

విజయదుర్గ కేకలకు నెల్లూరు ఆసుపత్రిలో వార్డంతా ఉలిక్కిపడింది. కుడి కిడ్నీలో రాళ్లు తీసి రెండు గంటలైనా కాలేదు; ఎడమ దాంట్లోవి నెల తర్వాత తీస్తారంట. ఊపిరి పీలిస్తే చాలు, వీపులో కత్తి దిగినట్టుంది! భర్త పెంచలనరసింహం మాత్రం చుట్టూ చూసి, “మెల్లగా విజయా! ఓర్చుకో,” అన్నాడు.

ఓర్చుకోవడమా! ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్నది అదేగా!...

సెలైన్‌లోకి మందు ఎక్కిస్తూ నర్సు జాలిగా అంది. “నెర్వ్ బ్లాక్ వేయించుకుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదమ్మా. వీపులో నరాల దగ్గర ఇచ్చే మత్తు సూది. మీరే వద్దన్నారంటగా?”

“నేనా?... నన్నెవరడిగారమ్మా!”

పెంచలనరసింహం తల దించుకున్నాడు. నర్సు వెళ్లాక గొణిగాడు. “వీపులో సూదేస్తే నడుము పడిపోతుందని బజార్లో అందరూ అంటారే. రేపు నువ్వు వంగలేకపోతే మంచంలో ఉండే అమ్మను ఎత్తేదెవురు? అందుకే... ఆమే వద్దందని డాక్టరుతో చెప్పినాను.”

విజయదుర్గ మొహం గోడవైపు తిప్పుకుంది.

ఇంటికొచ్చాక సంగతి తెలిసి అత్త కోటమ్మ గుండెలు బాదుకుంది. “రేయ్! నన్ను ఎత్తే నడుమని దాచిపెట్టుకున్నావా? ఆ బిడ్డది ఒళ్లు కాదంట్రా!” కోడలి చెయ్యి వదలకుండా ఏడ్చింది. “రెండోసారి కోసినాక ఇక్కడికి రావద్దు తల్లీ... మీ అమ్మ దగ్గరికి పో.”

నెల తర్వాత ఎడమ కిడ్నీకి ఆపరేషన్. డాక్టరు కాగితాలు పెంచలనరసింహం వైపు చాపుతుంటే విజయదుర్గ అడ్డం వచ్చింది. “నన్నడగండి సార్. ఆ సూది నాకు కావాలి.”

ఈసారి స్పృహ వచ్చాక వీపు పక్కన తిమ్మిరి తప్ప పెద్ద బాధ లేదు. ఎంత తేలిగ్గా పోయే నొప్పి! దాన్నేనా తనచేత అంతగా అనుభవింపజేశాడు?... దిండు తడిసిపోయింది.

“నొప్పి లేదు కదా! మళ్లీ ఏడుపేంది?” అన్నాడు పెంచలనరసింహం. నిజంగానే ఆయనకు అర్థం కాలేదు.

నాలుగో రోజు కారు ఆత్మకూరులో ఇంటి ముందు ఆగింది. ఆయన దిగాడు. ఆమె దిగలేదు.

“ఉదయగిరికి పోనీ నాయనా,” అంది డ్రైవరుతో.

కిటికీ పక్క మంచం మీద నుంచి కోటమ్మ చెయ్యెత్తి, పొమ్మన్నట్టు ఊపింది. పెంచలనరసింహం కారు వెంట నాలుగడుగులు పరుగెత్తాడు.

“ఎప్పుడొస్తావ్ విజయా?... ఎప్పుడొస్తావ్?”

ఎప్పుడొస్తావనే అడిగాడు... ఎట్టా ఉండావని అడగలేదు!