రాని వాళ్ల ఓటు

"పుస్తకాల మీద రెట్టలు పడుతున్నాయి! ఆ కన్నం మూసేద్దామనేవాళ్లు చేతులెత్తండి!" అని మైకు అరిచింది.

మైకంటే అయిదో తరగతి లీడరు. ఆ గొంతుకి వేరే మైకు అక్కర్లేదని పిల్లలే ఆ పేరు పెట్టారు. కన్నం కిటికీ పైన గోడలో ఉంది. అందులోకి రెండు గోరింకలు వచ్చి పోతుంటాయి.

ఆ క్లాసులో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా బడికి రాకపోతే, వాళ్లనూ అడిగేదాకా ఓటు ఆపాలి. మైకు హాజరు పట్టీ చూసింది. అందరూ వచ్చారు. అన్ని చేతులూ లేచాయి.

మధ్యాహ్నం మేస్త్రి తాత నిచ్చెన వేశాడు.

"లోపలేమన్నా ఉన్నాయేమో చూశారామ్మా?"

"ఏం లేవు తాతా. రెండూ బయటికెళ్లాయి. తొందరగా కానియ్!"

మైకు చూడకుండానే చెప్పేసింది. చిటికెలో కన్నం మీద సిమెంటు పడింది.

కాసేపటికి తల్లి గోరింక పురుగును నోట కరుచుకుని వచ్చింది. గోడ చుట్టూ తిరిగింది. తడి సిమెంటును ముక్కుతో పొడిచింది. పిల్లలు పకపకా నవ్వారు. మైకు అందరికంటే గట్టిగా నవ్వింది.

అప్పుడు గోడ లోపల్నించి సన్నగా వినిపించింది. "చీ... చీ..."

నవ్వులు ఆగిపోయాయి. మైకు ఒక్క పరుగున మేస్త్రి తాత దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని లాగింది.

"తాతా, తీసెయ్! లోపల పిల్లలున్నాయి!"

"అయ్యో తల్లీ! అందుకేగా అడిగాను!"

తాత గబగబా తాపీతో గీకాడు. కన్నంలో మూడు ఎర్రటి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. తల్లి గోరింక ఎవరినీ లెక్కచెయ్యకుండా లోపలికి దూరింది.

మైకు వెక్కివెక్కి ఏడ్చింది. "అందరూ వచ్చారనే అనుకున్నాను టీచర్!"

టీచర్ మొహం కూడా పాలిపోయి ఉంది. "నేనూ అలాగే అనుకున్నానమ్మా" అంది.

మర్నాడు పిల్లలే రెట్టలు పుస్తకాల మీద పడకుండా కన్నం కింద ఒక అట్టముక్క కట్టారు.

తర్వాతి వారం కుళాయి పక్కనున్న పొద కొట్టించాలని ఓటు పెట్టారు.

"అందరం ఉన్నాంగా, కానియ్!" అన్నారు వెనక బెంచీవాళ్లు.

మైకు పట్టీ మూసి బయటికెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని పొదలో ఆకు ఆకూ ఎత్తి చూసింది. కొన్ని ఆకుల కింద ఇంకా విచ్చుకోని సీతాకోకచిలుకల గూళ్లు వేలాడుతున్నాయి. వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది.

మట్టి మోకాళ్లతోనే క్లాసుకి తిరిగొచ్చింది.

"ఇవాళ ఓటు లేదు. నలుగురు ఇంకా రాలేదు" అంది.