పేరు తేలని పగడం

కాలింగ్ బెల్ ఆగకుండా మోగుతుంటే రోజారమణి చేతిలో అట్లకాడతోనే వచ్చి తలుపు తీసింది. గుమ్మంలో ఒక అమ్మాయి ఆయాసపడుతూ నిలబడి ఉంది. గాలికి జుట్టంతా చెదిరిపోయింది.

"వేడినీళ్ళు పోసేశారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఎవరమ్మా నువ్వు?"

 ఆ అమ్మాయి చెప్పులు విడిచి, తిన్నగా వంటింట్లోకి నడిచి, మరుగుతున్న గిన్నె కింద స్టవ్ కట్టేసింది. పక్కనే పట్టకారు పట్టుకుని నిలబడ్డ రోజారమణి కొడుకు దేవీప్రసాద్ తెల్లబోయాడు.

"మా ఇంట్లో స్టవ్ ఆపడానికి మీరెవరండీ?"

"నాను రొయ్యని."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. విశాఖలో ఉప్పునీటి అక్వేరియాలు పెంచేవాళ్ళకి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో రొయ్య బొమ్మ, రొయ్య పేరు పెట్టుకున్న మెంబరు ఒకరున్నారు. ఎవరు ఏ పగడం ఫొటో పెట్టినా అది ఫలానా అని తేల్చి చెప్పేది ఆ రొయ్యే. మగవాడనుకుని దేవీప్రసాద్ నెలల తరబడి "బావా" అని పిలుస్తున్నాడు. ఇవాళ పొద్దున్న కూడా "బావా, ఈ ఆకుపచ్చ జొవాంథస్ పగడం రాయంతా పాకేసింది. మరిగే నీళ్ళు పోసి సంపేత్తన్నాను" అని రాసి, ఫోన్ చార్జింగ్‌కి పెట్టి వచ్చాడు.

"ఎన్నిసార్లు ఫోన్ సేసినానో సూసుకోండి," అంది ఆమె. "మొన్న గ్రూపులో ఉప్పు బస్తా కోసం అడ్రస్ పెట్టారు కాబట్టి సరిపోయింది. అది జొవాంథస్ కాదు, పాలిథోవా. దాని మీద మరిగే నీళ్ళు పోత్తే ఆవిరితో పాటు విషం లేత్తాది. పీలిత్తే ఇంటిల్లిపాదీ ఆస్పత్రిలో పడతారు."

"షాపాయన జొవాంథస్ అనే ఇచ్చాడండీ."

"ఆయన పని అమ్మడం. రండి, సూపిత్తాను."

హాల్లో ట్యాంకు నీలంగా వెలుగుతోంది. ఆమె బ్యాగులోంచి భూతద్దం తీసి అతని చేతికిచ్చింది.

"మొదలు దగ్గిర సూడండి. ఒంట్లో ఇసక కనిపిత్తందా? పాలిథోవా ఇసకని తన ఒంట్లో కలిపేసుకుంటాది. జొవాంథస్ కలుపుకోదు."

కనిపించింది. మెత్తటి కండలో సన్నటి రేణువులు మెరుస్తున్నాయి. భూతద్దం కొంచెం పక్కకి జరిగితే, గాజుకి అటువైపు నుంచి అనుమానంగా చూస్తున్న ఆమె కన్ను కూడా పెద్దదై కనిపించింది. అతను ఆ కన్నునే కాసేపు చూశాడు.

"రాయి ఇటుంది," అందామె.

చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు పెట్టించి, రాయిని గీరకుండా నీళ్ళలోనే బకెట్లోకి దింపించి మూత బిగించింది. ఆ బకెట్‌ని ఆమె చదువుకునే యూనివర్సిటీ ల్యాబ్‌కి చేర్చాలి. గాజువాక నుంచి ఆటో బయల్దేరేసరికి వాన మొదలైంది. ఇద్దరి మధ్యా బకెట్, బకెట్ మీద ఇద్దరి చేతులు.

"ఇన్నాళ్ళూ బావా అంటుంటే ఒక్కసారైనా చెప్పొచ్చు కదండీ."

"ఆడపిల్లనని తెలిత్తే నా మాటకి ఎదురు పది మాటలొచ్చేవి. రొయ్య సెప్తే అందరూ ఇన్నారు."

ఆమె పేరు ఈశ్వరి. ఊరు జాలారిపేట. తండ్రి నూకరాజు సముద్రం మీద వేటకి వెళ్తాడు. వలలో చిక్కుకొచ్చే విసనకర్రలాంటి పగడాలు చూసి చూసి ఈ చదువులో పడ్డానని చెప్పింది. ఇప్పుడు పగడాల మీదే రీసెర్చ్ చేస్తోంది.

ఇంటికి తిరిగొచ్చేసరికి రోజారమణి నిర్ణయం సిద్ధంగా ఉంది.

"ఆ తొట్టిలో ఇంకేం విషాలున్నాయో ఎవడికి తెలుసు. రేపే తీసి పారెయ్."

"ఒక్కోదానికీ పేరు తేల్చి చెప్తానమ్మా. తేలనిది బయటికి పంపేస్తాను."

ఉక్కు కర్మాగారంలో రిటైరైన తండ్రి గురునాథరావు పేపర్ మడిచాడు. "కుర్రాడు మాటిచ్చాడు కదా. సూద్దారి."

సాయం అడిగితే ఈశ్వరి ఒక్క షరతు పెట్టింది. "నాను పేర్లు సెప్పను. మీరు సెప్పండి. తప్పయితే తప్పంటాను."

దేవీప్రసాద్ పట్టుబట్టాడు. మధురవాడ ఆఫీసుకి వెళ్ళే కంపెనీ బస్సులో రోజూ పగడాల పుస్తకమే. ఆదివారాలు ఆమె వచ్చి పరీక్ష పెట్టేది.

"ఇది గోనియోపోరా."

"ఎందుకు?"

"పువ్వులా ఉంది కదండీ."

"పువ్వులా ఉంటే బంతిపువ్వయినా అవుతాది. రేకులు లెక్కెట్టండి."

నీటి ప్రవాహానికి ఆ రేకులు నిలవడం లేదు. పంపు ఆపి, ఇద్దరూ తలలు దగ్గరగా వంచి గాజు ముందు కూర్చున్నారు.

"పన్నెండు. గోనియోపోరాకైతే ఇరవై నాలుగుండాలి. కాబట్టి ఇది ఆల్వియోపోరా."

"మళ్ళీ లెక్కెట్టండి."

"కరెక్టే కదండీ?"

"కరెక్టే. అయినా లెక్కెట్టండి."

అతను మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి బాగా నెమ్మదిగా.

అలా ఒక్కొక్కటే తేలుతూ వచ్చింది. చివరికి మూలనున్న మట్టి రంగు పగడం ఒక్కటే మిగిలింది. పుట్టగొడుగులా ఉండే ఆ పగడాన్ని గ్రూపులో నిన్న చేరినవాళ్ళు కూడా గుర్తుపడతారు. అదేంటో దేవీప్రసాద్‌కి మాత్రం తేలడం లేదు. ఈ ఆదివారం తేలలేదు, పై ఆదివారమూ తేలలేదు.

"ఇంకా తేలలేదేట్రా?" అంది రోజారమణి బజ్జీల ప్లేటు తెచ్చి పెడుతూ.

"చాలా కష్టమైనదమ్మా."

ఈశ్వరి తల తిప్పుకుని చేపల వంక చూసింది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

తరవాతి ఆదివారం ఆమె బజ్జీలు ముట్టుకోలేదు.

"అండమాన్ వెళ్తన్నాను. పగడాల సర్వే, ఆరు నెలలు. నెలాఖరుకి ఓడ."

 దేవీప్రసాద్ మూలనున్న పగడాన్ని చూపించాడు.

"అది టోడ్‌స్టూల్ లెదర్ కోరల్. నాకు మొదటి రోజే తెలుసు."

"మీకు తెలుసని నాకూ తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"సెప్పేత్తే, ఇక్కడికి రావడానికి నాకు పనేటుంటాది?"

అతను భూతద్దం కింద పెట్టి ఆమె వైపు తిరిగాడు. 

"పని లేకపోయినా రావాలి, ఈశ్వరీ. ఎప్పటికీ ఉండిపోవడానికి రావాలి. అండమాన్ మానమని అనను. వెళ్ళి రా. నేను ఎదురు చూస్తాను."

ఆమె బజ్జీల ప్లేటు తన వైపు లాక్కుంది.

"మా నాన్నని అడగండి. ఒక్కరూ రాకండి, మీ అమ్మా నాన్నతో రండి. ఎనకాల మాటలు పడే ఓపిక నాకు లేదు."

ఆ సాయంత్రమే అతను ఇంట్లో చెప్పాడు. రోజారమణి మొహం మాడిపోయింది.

"మంచి పిల్లే. కాదనను. కానీ వాళ్ళు వేటకెళ్ళేవాళ్ళు, మనం తాతల నాటి నుంచీ యవసాయం సేసుకునేవాళ్ళం. తగరపువలసలో మీ మావయ్యలకేం సెప్పమంటావు?"

"నేను చెప్తానమ్మా. ఈ వారమే వెళ్ళి ఒక్కొక్కరికీ చెప్తాను. మీరు రానంటే బతిమాలతాను. మానుకోవడం మాత్రం నా వల్ల కాదు."

గురునాథరావు భార్య వైపు తిరిగాడు. "మనమెవరో తెలీకుండానే మన కోసం పరిగెత్తుకొచ్చింది ఆ పిల్ల. మన సుట్టాల్లో ఎవరలా వత్తారో సెప్పు, ఆళ్ళనే అడిగి సేద్దాం."

 తెల్లారాక రోజారమణి బీరువాలోంచి పట్టుచీర తీసి, "ఇది బాగుంటాదా, మరీ ఆర్భాటంగా ఉంటాదా?" అని అడిగింది.

జాలారిపేటలో నూకరాజు ఇంటి ముందు వల బాగు చేసుకుంటున్నాడు. అందరికీ కుర్చీలు వేయించి, చెప్పిందంతా విని, అబ్బాయిని ఎగాదిగా చూశాడు.

"ఈతొచ్చా బాబూ?"

"రాదండి."

"ఇంట్లో సముద్రం ఎట్టుకున్నావంట. ఈత రాదా?" నూకరాజు నవ్వలేదు. "నా కూతురు నీటి కింద పని సేత్తాది. నువ్వేటి సేత్తావు? ఒడ్డున కూకుని బెంగెట్టుకుంటావా?"

"నేర్చుకుంటానండి."

"ఎప్పుడు?"

దేవీప్రసాద్ వాచీ, పర్సు తీసి తల్లి ఒళ్ళో పెట్టాడు. ఇస్త్రీ ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్నాడు.

"ఇప్పుడే."

నూకరాజు వల పక్కన పెట్టి తాడు అందుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఈశ్వరి పైటతో నవ్వు దాచుకుంది, కానీ కళ్ళు దాచుకోలేకపోయింది.

అప్పటినుంచి రోజూ తెల్లవారుజామున నడుముకి తాడు, ముందు కెరటాలు, వెనక నూకరాజు కేకలు. అతను తాగిన ఉప్పునీటికి లెక్కలేదు. ఒళ్ళంతా ఇసుకతో ఆఫీసు బస్సెక్కి అందరిలో నవ్వులపాలయ్యాడు. ఒక్కరోజు కూడా మానలేదు.

ఓడ బయల్దేరే ముందురోజు పొద్దున్న నూకరాజు తాడు విప్పేశాడు. కూతుర్ని తెప్ప ఎక్కించుకుని కెరటాలు విరిగే చోటు దాటి ఆగాడు. ఒడ్డున రోజారమణి చేతులు నలుపుకుంటూ నిలబడింది.

దేవీప్రసాద్ నీళ్ళలోకి దిగాడు. మొదటి కెరటం వెనక్కి విసిరేసింది. లేచాడు. రెండోది ముంచేసింది. తేలాడు. చేతులు అడ్డదిడ్డంగా వేస్తూ, దగ్గుతూ, తెప్ప మీది నుంచి కళ్ళు తిప్పకుండా వెళ్ళాడు. తెప్ప ఇంకా మూర దూరంలో ఉండగా అతని బలమంతా అయిపోయింది.

ఈశ్వరి కంగారుగా తండ్రి వైపు చూసింది.

నూకరాజు తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నన్నేటి సూత్తావే? అల్లుడు మునిగిపోతాడు. సెయ్యందియ్యి."